నొప్పి ఎరుగని పాదం

వార్షిక సంచికకు ఒక వ్యాసం ఇవ్వవలసిందని సంపాదక వర్గంలోని విద్యార్థులు కోరినప్పుడు, నేను తెలుగు అధ్యాపకుణ్ణి గనుక వేమనను గురించో, జాషువాను గురించో వ్రాస్తానని వారు ఆశించి ఉంటారు. నేనూ మొదట అలాగే తలపెట్టాను. పద్యపాదాలను గురించి పదకొండేళ్లుగా తరగతిలో చెబుతున్నవాణ్ణి. ఉత్పలమాల పాదంలో ఏ గణాలు వస్తాయో, యతి ఎన్నవ అక్షరమో నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగలను. కాని నా దేహాన్ని మోస్తున్న పాదంలో ఎన్ని ఎముకలున్నవో 2021 వరకు నాకు తెలియదు. తెలియకపోవడం ఒక లోపమని కూడా తోచలేదు. ఆ అజ్ఞానానికి మా ఇంట్లో చెల్లించిన మూల్యం స్వల్పం కాదు. అందుచేత ఈసారి సాహిత్యాన్ని పక్కన పెట్టి పాదాన్ని గురించి వ్రాస్తున్నాను. కళాశాల కమిటీ పెద్దలు మన్నింతురు గాక.

మన మర్యాదల్లో పాదానికి ఒక విచిత్రమైన స్థానం ఉన్నది. పెద్దల పాదాలు పూజ్యాలు; మన పాదాలు మాత్రం ఎవరికీ తగలరాదు. పొరపాటున పుస్తకానికి కాలు తగిలితే తీసి కళ్లకద్దుకుంటాం. పదిమందిలో కాళ్లు చాపి కూర్చోవడం తప్పు. కోపం వస్తే అరికాలి మంట నెత్తికెక్కిందంటాం, పారిపోయినవాణ్ణి కాలికి బుద్ధి చెప్పాడంటాం. భాషలో ఇంత చోటు దక్కించుకొన్న పాదాన్ని, అద్దంలో ముఖం చూసుకొన్నంత శ్రద్ధగా ఒక్కనాడైనా చూసుకొన్నవారు మనలో ఎందరు? గడప వెలుపల చెప్పులను విడిచినట్టే, పాదాలను మన దృష్టికి వెలుపల విడిచి తిరుగుతుంటాం.

నా కథ మడమతో మొదలైంది. మహమ్మారి కాలంలో నెలల తరబడి ఇంట్లో కుర్చీలో కూర్చొని ఫోను ముందు పాఠాలు చెప్పి, 2021లో కళాశాల తిరిగి తెరిచిన తరువాత ఒక్కసారిగా రోజుకు నాలుగైదు గంటలు నిలబడవలసి వచ్చింది. ఈ మధ్యలో ఒంటి బరువు ఎనిమిది కిలోలు పెరిగింది. కొద్ది వారాలకే, తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచి, మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు నొప్పి. పది పదిహేను అడుగులు కుంటుకొంటూ వేసిన తరువాత తగ్గేది. కాసేపు కూర్చొని లేచేసరికి మళ్లీ యథాప్రకారం.

మా ఇంటి భాష ఉర్దూ. వీధి భాష, బడి భాష, నా వృత్తి భాష తెలుగు. నొప్పి పుట్టినప్పుడు మాత్రం నా నోట వచ్చేది "అబ్బా!" అన్న తెలుగు కేకే. మా ఇంట్లో తండ్రిని పిలిచేదీ ఆ మాటతోనే. పక్క గదిలో ఉన్న మా తండ్రిగారు అది తన్ను పిలిచిన పిలుపనుకొని, "క్యా హువా బేటా?" అని బదులు పలికేవారు. రెండు భాషల నడుమ బతికేవారికి ఇటువంటి చిక్కులు తప్పవు. ప్రతి ఉదయం జరిగే ఈ ప్రహసనానికి నా భార్య నవ్వు ఆపుకోలేకపోయేది.

పది రోజులు ఓర్చుకొని ఎముకల వైద్యుని వద్దకు వెళ్లాను. ఎక్స్‌రేలో మడమ ఎముక కింద చిన్న ముల్లు వంటి పెరుగుదల కనబడింది. నేను దడుసుకొన్నాను. ఆయన నవ్వి, అటువంటి ముల్లు నొప్పి లేనివారిలోనూ చాలామందికి ఉంటుందని, నా బాధ ముల్లుది కాదు, అక్కడ మొదలయ్యే పట్టీదని చెప్పి, బల్ల మీదనున్న ప్లాస్టిక్ పాదాన్ని నా చేతికిచ్చారు. ఆ పావుగంట సేపు ఆయన చెప్పినది నేను విన్న మంచి పాఠాలలో ఒకటి. దానిని నాకు అర్థమైనంత మేరకు ఇక్కడ చెబుతాను.

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు. రెండు పాదాలవీ కలిపితే 52. పెద్దవారి దేహంలోని ఎముకలు 206 గనుక, వాటిలో నాలుగోవంతు ఈ రెండు జానెడేసి చోట్ల ఇమిడి ఉన్నవన్నమాట. వేళ్లలో 14: బొటనవేలికి రెండు, తక్కిన వాటికి మూడేసి. వాటి వెనుక అయిదు పొడవాటి ఎముకలు. ఇంకా వెనుక, గోడలో రాళ్లు పేర్చినట్టు ఏడు. ఆ ఏడింటిలో మడమ ఎముక అన్నిటికంటె పెద్దది. దాని మీద కూర్చున్నది టాలస్ అనే ఎముక. దేహభారం కాలి ఎముక నుండి పాదానికి దిగేది దీని గుండానే. ఇంత బరువు మోసే ఈ టాలస్‌కు ఒక్క కండరమైనా అతుక్కొని ఉండదు. చుట్టూ ఉన్న ఎముకల అమరికలో, లిగమెంట్లు అనే నారల వంటి బంధనాల పట్టులో అది నిలిచి ఉంటుంది. ఇది విన్నప్పుడు నాకెందుకో మా ఇళ్లల్లోని ఆడవాళ్లు గుర్తుకు వచ్చారు.

ఇప్పుడు మీ చీలమండను చేత్తో తడిమి చూడండి. లోపలి గుబ్బ కొంచెం పైన, వెలుపలి గుబ్బ కొంచెం కింద ఉంటాయి. లోపలిది మోకాలి నుండి దిగిన పెద్ద ఎముక కొస; వెలుపలిది దాని పక్కనున్న సన్న ఎముక కొస. ఈ రెండూ బిగించిన చట్రంలో టాలస్ తలుపు బందు వలె పైకీ కిందికీ ఆడుతుంది. పక్కలకు ఒరిగే పని దాని కిందనున్న మరొక కీలుది. గులకరాళ్ల మీదా, దున్నిన చేలోనూ మనం పడిపోకుండా నడవగలగడం ఆ రెండో కీలు చలవ.

పాదం కింద నేలకు తగలని వంపును కమాను అనవచ్చు. ఆ కమాను కింద మడమ నుండి వేళ్ల మొదళ్ల దాకా, వింటికి కట్టిన నారి వలె ఒక గట్టి పట్టీ సాగి ఉంటుంది. దాని పేరు ప్లాంటార్ ఫేషియా. వేళ్లను పైకి వంచితే ఈ నారి బిగుసుకొని కమాను లేస్తుంది. ఈ సంగతిని 1954లో హిక్స్ అనే పరిశోధకుడు వివరించి, తాడును చుట్టి బరువును లేపే యంత్రంతో పోల్చాడు. ప్రతి అడుగులోనూ మడమ లేచి వేళ్ల మీద ఒరిగినప్పుడు జరిగేది ఇదే. ఎక్కువసేపు నిలబడటం వల్ల, బరువు పెరగడం వల్ల, పిక్క కండరం బిగుసుకుపోవడం వల్ల ఆ నారి మడమకు అంటుకొన్న చోట నలిగి నొప్పి పెడుతుంది. రాత్రంతా ముడుచుకొన్నది ఒక్కసారిగా సాగుతుంది గనుక మొదటి అడుగు అంత కఠినంగా ఉంటుంది.

నమాజులో కూర్చునేటప్పుడు కుడి పాదాన్ని నిలబెట్టి వేళ్లను ముందుకు వంచి ఉంచడం మాకు చిన్ననాటి అలవాటు. నా మడమకు ఆ భంగిమ కష్టంగా ఉండేది. తీరా చూస్తే వైద్యులు చెప్పిన వ్యాయామంలోనూ దాదాపు అదే వంపు: మంచం దిగకముందే కాలు ఒళ్లో పెట్టుకొని, వేళ్లను చేత్తో వెనక్కు లాగి పది అంకెలు లెక్కపెట్టడం, అలా పదిసార్లు. గోడకు చేతులానించి పిక్కను సాగదీయడం. ఇంట్లోనైనా వట్టికాళ్లతో బండల మీద నడవకపోవడం. బరువు తగ్గడం. ఇందులో చివరిది తప్ప తక్కినవన్నీ పాటించాను. ఈ నొప్పి ఎక్కువమందిలో ఏడాది లోపల శస్త్రచికిత్స లేకుండానే తగ్గిపోతుంది. నాకు ఏడు నెలలు పట్టింది.

ఆ పాఠం విన్న తరువాత నాకు ఒక పిచ్చి పట్టింది. నలుగురూ ముఖాలు చూస్తుంటే నేను పాదాలు చూడసాగాను. వజూ చేసి వచ్చేవారి తడి అడుగులు మసీదు ఆవరణలోని బేతంచెర్ల బండల మీద పడుతుంటాయి. కొందరి అడుగు నడుమ సన్నగా కోసినట్టుంటుంది. అది కమాను ఉన్న పాదం. కొందరి అడుగు రొట్టె వలె నిండుగా పడుతుంది. అది చదును పాదం. పసిపిల్లల పాదాలు చదునుగానే ఉంటాయి. ఎదిగేకొద్దీ కమాను ఏర్పడుతుంది. పెద్దవారిలో కూడా చదును పాదం నొప్పి లేకుండా, బిగుసుకుపోకుండా ఉంటే అది జబ్బు కాదు, చికిత్స అక్కరలేదు. అయితే సైన్యంలోనూ పోలీసు శాఖలోనూ చేరగోరే యువకులు కొందరు దేహపరీక్షలో ఈ కారణంగానే వెనక్కు వస్తుంటారు. నాలుగు నెలలు తెల్లవారకముందే లేచి మైదానం చుట్టూ పరుగెత్తిన ఒక విద్యార్థి అలా తిరిగి వచ్చి, "నా కాళ్లకేం తక్కువ సార్?" అని నన్నడిగాడు. తక్కువేమీ లేదనే చెప్పాను. నియమం నియమమే. తడికాలు ముందే బండ మీద పెట్టి చూసుకొని ఉంటే ఆ నాలుగు నెలలు మరొక పరీక్షకు చదువుకొనేవాడు గదా అన్న బాధ మాత్రం మిగిలింది.

మన ఆటస్థలంలో ఏటా చూసే ప్రమాదం బెణుకు. వాలీబాల్ ఆటలో ఎగిరి దిగినప్పుడు పాదం లోపలికి మడత పడుతుంది. లోపలికే ఎందుకంటే, వెలుపలి గుబ్బ కిందికి దిగి అడ్డుగా ఉన్నందువల్ల పాదం బయటికి సులభంగా ఒరగదు. పైగా లోపలి వైపు బంధనాలు దిట్టమైనవి. వెలుపలివి సన్నవి, వాటిలో ముందువైపున్నది సాధారణంగా మొదట దెబ్బతింటుంది. వాచిన చీలమండకు వేడినూనె రాసి బలంగా తోమడం, లాగడం మనవారి అలవాటు. మా సీమలో ఎముక మాట వస్తే పుత్తూరు కట్టు మాట రాకపోదు. ఆ వాదంలోకి నేను పోను. ఎముక విరిగిందో లేదో తెలియకముందు లాగరాదన్నది ఏ వాదానికైనా ముందుమాట. కెనడాలోని ఒటావా వైద్యులు 1992లో దీనికి సులభమైన గుర్తులు చెప్పారు. గుబ్బ వెనుక అంచున, కొస నుండి ఆరు సెంటీమీటర్ల లోపల ఎముకను నొక్కితే నొప్పి ఉన్నా, పాదం వెలుపలి అంచున చిటికెనవేలి పొడవాటి ఎముక మొదట్లో నొప్పి ఉన్నా, దెబ్బ తగిలినప్పుడూ ఆ తరువాత వైద్యుని ఎదుటా కూడా నాలుగడుగులు వేయలేకపోయినా, ఎక్స్‌రే తీయించాలి. అవేమీ లేకపోతే చల్లని నీటిపట్టీ, సాగే కట్టు, కాలిని ఎత్తుగా పెట్టుకోవడం, కొద్ది రోజుల్లో మెల్లగా కదలించడం చాలు.

బిగుతు బూట్ల వల్ల వచ్చే ఆనెకాయలు, మూలలు లోతుగా కోసినందువల్ల మాంసంలోకి దిగే గోళ్లు, వేళ్ల సందుల్లో చర్మం నాని తెల్లబడి చీలే దురద, ఇవన్నీ మీరెరిగినవే. చివరిదానిని గురించి ఒక్క మాట. వజూలో వేళ్ల సందుల్లోకి వేలు పోనిచ్చి కడగడం మాకు పెద్దలు నేర్పారు. కడిగిన తరువాత అదే శ్రద్ధతో తుడిచి ఆరబెట్టడం మేము నేర్చుకోవలసి ఉన్నది.

ఇక నేను అసలు చెప్పదలచినది.

మా అబ్బా దర్జీ. నలభై ఏళ్లకు పైగా ఒకే కుట్టుమిషను. తొక్కే పలక మీద ఎప్పుడూ వట్టి పాదాలే. చెప్పులు వేసుకొని తొక్కితే మిషను తన మాట వినదని అనేవారు. చీలమండ పైకీ కిందికీ, రోజుకు ఎన్ని వేలసార్లో! నా బడి ఫీజు, కళాశాల ఫీజు, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివిన రెండేళ్ల మెస్సు బిల్లులు ఆ చీలమండ కదలిక నుండి వచ్చినవే.

ఆయనకు షుగర్ ఉన్నట్టు 2008లో తెలిసింది. మాత్రలు వేసుకొనేవారు. మూడు నెలలకొకసారి నేను పరీక్షలకు తీసుకువెళ్లేవాణ్ణి. రక్తం చూపించాం, మూత్రం చూపించాం, కళ్లు చూపించాం. పద్నాలుగేళ్లలో ఆయన ఏ వైద్యుని ఎదుటా పాదం చూపలేదు. చెప్పులు గది వెలుపల విడిచి, పాదాలను కుర్చీ కిందికి ముడుచుకొని కూర్చునేవారు. చూపమని అడిగినవారు లేరు. అడగకుండా చదువుకొన్న మనిషి ముందుకు కాలు చాపడం ఆయన మర్యాదకు సరిపడదు. నేను పక్క కుర్చీలోనే కూర్చొని ఉండేవాణ్ణి.

సూచనలు లేకపోలేదు. 2019 ప్రాంతంలో ఒకనాడు, నేల మీద నడుస్తుంటే దూది మీద నడిచినట్టు ఉన్నదని అన్నారు. దర్జీ గనుక ఉపమానం కూడా దూదిలోనే దొరికిందని నేను చమత్కరించాను. అలంకారశాస్త్రం చదువుకొన్నవాణ్ణి గదా, అది ఉపమానం కాదని, రోగలక్షణమని నాకు తట్టలేదు.

ఇంకొకటి. శుక్రవారం జుమా నమాజుకు వెళ్లి ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చేవారు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఒంటి చెప్పును దొంగిలించే దొంగ ఎవడై ఉంటాడని ఇల్లంతా నవ్వుకొన్నాం. ఆ చెప్పును ఎవరూ దొంగిలించలేదు. అది దారిలో జారిపోయింది; పాదానికి తెలియలేదు.

చక్కెర ఎక్కువైన రక్తం ఏళ్ల తరబడి పారితే నరాలు దెబ్బతింటాయి. దేహంలోకెల్లా పొడవైన నరాలు పాదాలకు పోయేవి గనుక ముందుగా దెబ్బతినేవి అవే. మేజోళ్లు తొడిగినట్టు మొద్దుబారడం వేళ్ల నుండి పైకి పాకుతుంది. చెమట పట్టడం తగ్గి చర్మం ఎండి పగులుతుంది. రక్తనాళాలు ఇరుకై, తగిలిన గాయం త్వరగా మానదు. కొందరికి అరికాళ్లు మండుతాయి, తిమ్మిరులెక్కుతాయి. వారు నయం, వైద్యుని వద్దకు వెళతారు. మా అబ్బాకు మంటలూ లేవు, తిమ్మిరులూ లేవు.

2022లో రంజాన్ మాసం ఏప్రిల్‌లో వచ్చింది. పండుగ మే 3న. మహమ్మారి వల్ల రెండేళ్లు వెలవెలబోయిన తరువాత వచ్చిన పండుగ గనుక దుకాణంలో కుట్టుపని రాత్రి రెండింటి దాకా సాగేది. ఏ రాత్రో సూది విరిగింది. సూది విరగడం దర్జీకి కొత్త కాదు. ముక్కలు ఏరి డబ్బాలో వేసి కొత్తది బిగించుకొంటారు. ఆ రాత్రి ఒక ముక్క దొరకలేదు కాబోలు. దాని మీద ఆయన పాదం పడింది, అది లోపలికి దిగింది, ఆయన తొక్కుతూనే ఉన్నారు.

పండుగ నాడు కొత్త బట్టలతో ఈద్‌గాకు నడిచి వెళ్లి నడిచి వచ్చారు. అయిదో రోజున గదిలో ఏదో దుర్వాసన. ఎలుక చచ్చిందేమోనని అలమర కింద వెదికాం. సాయంకాలానికి ఆయనకు చలిజ్వరం వచ్చింది. దుప్పటి కప్పబోయిన నా భార్య, పాదం వాచి ఎర్రబడి ఉండటం చూసి నన్ను కేక వేసింది. అరికాలు తిప్పి చూశాను. రెండో వేలి మొదట్లో, ఆనెకాయ నడుమ నల్లని రంధ్రం. దానిలో నుండి చీము. "దర్ద్ హై క్యా అబ్బా?" అని అడిగాను. "కుచ్ నై" అన్నారు. అది ధైర్యం కాదు. నిజంగానే ఏమీ లేదు.

ఎక్స్‌రేలో ఎముకల నడుమ సూది ముక్క ఏటవాలుగా, ఎముకకంటె తెల్లగా మెరుస్తూ కనబడింది. ఏడాది ముందు ప్లాస్టిక్ పాదం మీద నేను ముచ్చటపడి నేర్చుకొన్న అయిదు పొడవాటి ఎముకలలో రెండోదాని కొస చీముపట్టి అరిగిపోయి ఉన్నది. రెండు వేళ్లను, వాటి వెనుక ఎముకలలో కొంత భాగాన్ని తీసివేయవలసి వచ్చింది. మరొక వారం ఆలస్యమైతే మోకాలి కింద నుండి ఆలోచించవలసి వచ్చేదని శస్త్రవైద్యులు చెప్పారు. పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం.

ఆ రాత్రులలో వార్డు వసారాలో కూర్చొని నేను ఆలోచించినది ఒక్కటే. నా మడమలో ప్రమాదమేమీ లేదు. అయినా పది రోజులలో దానికి ఎక్స్‌రే, వైద్యుడు, వ్యాయామం, మెత్తని చెప్పులు అన్నీ సమకూరాయి. కారణం, అది ప్రతి ఉదయం నాచేత కేక పెట్టించింది. ఆ కేకకు పక్క గదిలో నుండి బదులు పలికిన మనిషి పాదంలో సూది ఉన్నా, ఆయనచేత కేక పెట్టించేది ఏదీ మిగలలేదు. ఇంట్లో ఎవరికి నొప్పి ఉన్నదో వారినే మనం చూస్తాం.

మా ప్రాంతంవారికి సుపరిచితమైన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వచ్చాడు. ఆంగ్ల దంపతులకు 1914లో తమిళనాట కొల్లి కొండలలో పుట్టినవాడు. కుష్ఠురోగుల వేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోతాయని ఆనాడు లోకం నమ్మేది. రోగులను ఏళ్ల తరబడి దగ్గరగా గమనించి, అది నిజం కాదని ఆయన తేల్చాడు. రోగం నరాలను చంపుతుంది. నొప్పి తెలియని చేతులను, పాదాలను రోగులు తమకు తెలియకుండానే గాయపరచుకొంటారు, కాల్చుకొంటారు, చీముపట్టిన కాలి మీదనే నడుస్తారు. వేళ్లు పోవడం దాని ఫలితం. ఆ పాదాల కోసం సన్నని గాలిగదులు గల మెత్తని రబ్బరు చెప్పులను తయారుచేయడంలోనూ ఆయన శ్రమించాడు. తరువాత అమెరికా వెళ్లి, షుగర్ రోగుల పాదాలలో కూడా అదే కథను చూశాడు. 1993లో నొప్పిని ఎవరూ కోరని కానుకగా పేర్కొంటూ మరొక రచయితతో కలిసి ఒక గ్రంథం వెలువరించి, 2003లో మరణించాడు. ఎం.ఎస్.ఆర్. అని మావాళ్లు తప్పుగా పలికే ఎం.సి.ఆర్. చెప్పులు ఇప్పుడు మా అబ్బా కాళ్లకు ఉన్నవి.

ఆసుపత్రి నుండి వచ్చే ముందు ఆయన పాదాలను పరీక్షించారు. పరికరం చూస్తే నవ్వు వస్తుంది: ఒక పిడికి బిగించిన నైలాన్ తీగ ముక్క. పది గ్రాముల ఒత్తిడికి అది వంగుతుంది. కళ్లు మూయించి, అరికాలిలో అక్కడక్కడ దానిని ఆనించి, తెలిసినప్పుడల్లా చెప్పమంటారు. నర్సు పది చోట్ల తాకింది. తీగ వంగడం నేను చూస్తూనే ఉన్నాను. మా అబ్బా మూడుసార్లు మాత్రం "హా" అన్నారు. కొంతసేపు నిశ్శబ్దంగా ఉండి, కళ్లు తెరవకుండానే, "ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?" అని అడిగారు. ఆమె అప్పటికి పరీక్ష ముగించి కాగితం మీద వ్రాసుకొంటున్నది.

ఆ పరీక్షకు పట్టినది మూడు నిమిషాలు. పద్నాలుగేళ్లలో ఆ మూడు నిమిషాలు ఎవరమూ వెచ్చించలేదు.

మన దేశంలో షుగర్ ఉన్నవారు 10 కోట్లకు పైమాటేనని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. షుగర్ ఉన్నవారిలో జీవితకాలంలో పాదపు పుండు ఏర్పడే అవకాశం 19 నుండి 34 శాతం వరకు ఉంటుందని 2017లో వెలువడిన ఒక వైద్య సమీక్ష చెబుతున్నది. మన విద్యార్థుల ఇళ్లలో తండ్రికో, తల్లికో, నానీకో ఈ జబ్బు ఉండకపోదు. కాబట్టి ఈ సంచిక ఇంటికి తీసుకువెళ్లిన రాత్రి, కథలూ కవితలూ చదవకముందే, వారి అరికాళ్లు ఒకసారి టార్చిలైటు వేసి చూడండి. వేళ్ల సందుల్లోనూ చూడండి. ఎరుపు, వాపు, పగులు, నల్లమచ్చ, ఒక కాలు మరొకదానికంటె వేడిగా ఉండటం, వీటిలో ఏది కనబడినా "నొప్పి లేదు గదా" అన్న మాటను లెక్కచేయవద్దు. వేడినీళ్ల సంచి పెట్టనీయవద్దు. కాళ్లు కడిగే నీళ్లను మీ మోచేతితో ముందు మీరు చూడండి. ఆనెకాయలను బ్లేడుతో కోయనీయవద్దు. చెప్పులు తొడిగే ముందు దులపమనండి. మే నెల ఎండలో మసీదు బండల మీదనైనా, గుడి మెట్ల మీదనైనా వట్టికాళ్లతో నడిచి అరికాళ్లు బొబ్బలెక్కినా తెలియనివారు ఉంటారు. ఏడాదికొకసారైనా వైద్యుని ముందు పాదాలు పెట్టమనండి. సిగ్గుపడితే మీరే చెప్పులు విడిపించండి.

సిగ్గు మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. ఇంటికి వచ్చిన మొదటి రాత్రి, ఇషా నమాజు తరువాత నేను ఆయన పాదాన్ని చేతిలోకి తీసుకోబోతే వెనక్కు లాక్కొన్నారు. లెక్చరర్ అయిన కొడుకు తన కాళ్లు పట్టుకోవడమేమిటన్నది ఆయన బాధ. వారం రోజులు గొడవపడ్డాం. ఇప్పుడు అలవాటైంది. ఏ రాత్రైనా నాకు ఆలస్యమైతే టార్చిలైటు తానే తీసి దిండు పక్కన పెట్టుకొని ఎదురుచూస్తున్నారు. కుట్టుమిషనుకు కరెంటు మోటారు పెట్టించాం. దానికి చెయ్యి తిరగదని, కాజా దగ్గర ఆగమంటే ఆగదని ఆయన ఫిర్యాదు. దుకాణంలో కూడా చెప్పులు విడవడం లేదు.

ఆ చెప్పులు వచ్చిన నాటి సంగతి చెప్పి ముగిస్తాను. వెనుక పట్టీ ఉండి జారిపోకుండా, వేళ్లు తీసిన చోట ఖాళీ నింపి, కొలత ఇచ్చి చేయించినవి. డబ్బా విప్పగానే అబ్బా కళ్లజోడు పెట్టుకొని, వాటిని తిరగేసి, కుట్టు వెంబడి వేలు పోనిచ్చి చూశారు. "ఏ క్యా సిలాయీ హై?" అన్నారు. పట్టీ కుట్టు వంకర పోయిందట. దారం ముడి లోపలివైపు వేశారట, అది చర్మానికి ఒరుసుకొంటుందట. నాకు ఏమీ కనబడలేదు గాని ముడి లోపలే ఉన్న మాట నిజం. మరునాడు దుకాణంలో కూర్చొని ఆ కుట్లన్నీ విప్పి, మందపాటి సూదితో, మైనం పట్టించిన దారంతో, ముడి వెలుపలికి వచ్చేటట్టు రెండు చెప్పులకూ తానే మళ్లీ కుట్టుకొన్నారు. పని ముగిసిన తరువాత చెప్పులు తొడుక్కొన్నారు. లేచే ముందు సూదుల డబ్బా మూత తీసి, ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, మళ్లీ మూత పెట్టారు.